ఊట నుంచి ఊటకు: ఆస్ట్రేలియా ఎడారి మీదుగా అడిలైడ్ దాకా

(అనంతపురంలో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో నాతో పాటు మైనర్ ఇరిగేషన్‌లో పనిచేసినవాళ్ళు నలుగురు కనబడుతున్నారు. తూములు, అలుగులు, చెరువు కట్టల కొలతలతోనే మా సర్వీసంతా గడిచింది. అందుకే ఈ రోజు నేను చెప్పే ప్రయాణం కూడా నీళ్ళ చుట్టూనే తిరుగుతుంది. కంగారూల గురించి ఎక్కువ చెప్పలేను. పొద్దుగూకే వేళ రోడ్డు పక్కన నిలబడి మా బండి వైపు చూసేవి, మా అల్లుడు స్పీడు తగ్గించేవాడు, అంతే. నా ధ్యాసంతా వేరే ఉంది.

మా అమ్మాయి వాళ్ళు అడిలైడ్‌లో ఉంటారు. పోయిన జులైలో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళాం. మనకు వానాకాలం మొదలయ్యేసరికి వాళ్ళకు నడి చలికాలం. ఎడారి చూడాలంటే అదే సమయం. ఎండాకాలంలో అక్కడ 45 డిగ్రీలు దాటుతుంది. నలుగురం విమానంలో ఆలిస్ స్ప్రింగ్స్‌లో దిగి, కంకర రోడ్ల మీద తోలుకోవడానికి అనుమతి ఉన్న పెద్ద బండి ఒకటి అద్దెకు తీసుకున్నాం. మా అల్లుడు ఆ బండిలో అన్నిటికంటే ముందు సర్దింది ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు, నాలుగు. తర్వాతే సూట్‌కేసులు, తర్వాతే మా ఆవిడ చేసిన పొడులూ పచ్చళ్ళూ. "మామయ్యా, ఇవి తాగడానికి కాదు, తాగడానికి వేరే బాటిళ్ళున్నాయి. ఇవి బండి ఆగిపోతే" అన్నాడు. ఆ మాటతో ప్రయాణం మొదలైంది.

ఆలిస్ స్ప్రింగ్స్ అంటే ఆలిస్ గారి ఊటలు అని అర్థం. నేను వెళ్ళగానే ఆ ఊట ఎక్కడుందో చూపించమన్నాను. ఊరి పక్కన టాడ్ అనే నది ఉంది. ఏటిలో నీళ్ళు లేవు, ఎర్రటి ఇసుక, పెద్ద పెద్ద తెల్లటి బెరడు యూకలిప్టస్ చెట్లు. అచ్చం మన పెన్నే అనుకోండి, ఏడాదిలో ఎక్కువ రోజులు అలాగే ఉంటుంది. పాత టెలిగ్రాఫ్ ఆఫీసు దగ్గర, నల్లరాతి గుండ్ల మధ్య ఒక మడుగు చూపించారు. దాని ఒడ్డున కూర్చుని కాసేపు చూస్తే నాకు అర్థమైంది, అది ఊట కాదు. కింద గట్టి రాయి అడ్డం పడి, ఇసుకలో ఇంకిన నీళ్ళు అక్కడ పైకి తేలుతున్నాయి. మనం చెలమ అంటామే, అదే. తెల్లవాళ్ళు దాన్ని చూసి ఊట అనుకుని పేరు పెట్టేశారు. అక్కడ తరతరాలుగా ఉన్న అరెంట వాళ్ళకు అది ఏమిటో ముందే తెలుసు. ఏట్లో ఎక్కడ ఎంత లోతు తవ్వితే నీళ్ళు వస్తాయో కూడా తెలుసు.

ఆ మడుగు దగ్గర టెలిగ్రాఫ్ ఆఫీసు ఎందుకు కట్టారో వేరే చెప్పక్కర్లేదు. దక్షిణాన పోర్ట్ అగస్టా నుంచి ఉత్తరాన డార్విన్ దాకా సుమారు 3,200 కిలోమీటర్లు, 36,000 స్తంభాలు, రెండేళ్ళలోపే వేశారు. 1872 ఆగస్టు 22న రెండు కొసలూ కలిపారు. చార్లెస్ టాడ్ అనే అధికారి ఈ పని నడిపించాడు. ఏటికి ఆయన పేరు, ఊటకు ఆయన భార్య ఆలిస్ పేరు. మీకు తెలియనిది ఒకటి చెబుతాను. డార్విన్ దగ్గర ఆ తీగ సముద్రంలోకి దిగి జావా, సింగపూర్, పెనాంగ్ దాటి మన మద్రాసులో ఒడ్డెక్కేది. అక్కడి నుంచి నేల మీద బొంబాయికి, మళ్ళీ సముద్రంలో లండన్‌కు. అంతకు ముందు ఓడలో నెలలు పట్టిన కబురు, మద్రాసు మీదుగా గంటల్లో చేరడం మొదలైంది. అడిలైడ్‌లో గోధుమల ధర ఎంతో లండన్‌కు చెప్పిన తీగ, మన తీరాన్ని తాకి పోయిందని ఆ ఎడారిలో నిలబడి చదువుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

అక్కడి నుంచి 450 కిలోమీటర్లు ఉలురు. ఫోటోల్లో మీరందరూ చూసే ఉంటారు, బయలు మధ్యలో ఒంటరిగా ఎర్రటి కొండ. నేల మీది నుంచి 348 మీటర్ల ఎత్తు, చుట్టుకొలత తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. లోపలి రాయి బూడిద రంగే, అందులోని ఇనుము గాలికి తుప్పు పట్టి పైన ఆ ఎరుపు వచ్చింది. 1873లో గాస్ అనే సర్వేయర్ వచ్చి, తమ ప్రభుత్వంలోని హెన్రీ అయర్స్ అనే ఆయన పేరు పెట్టి అయర్స్ రాక్ అన్నాడు. 1985 అక్టోబర్ 26న ఆ భూమిని అక్కడి మూలవాసులైన అనంగు ప్రజలకు తిరిగి ఇచ్చారు, వాళ్ళు దాన్ని జాతీయ ఉద్యానవనంగా 99 ఏళ్ళకు ప్రభుత్వానికి కౌలుకిచ్చారు. అది తమకు పవిత్రమైన చోటు, ఎక్కవద్దని ఎన్నో ఏళ్ళు అడగ్గా అడగ్గా, సరిగ్గా అదే తారీఖున 2019లో ఎక్కడం శాశ్వతంగా మూసేశారు. రాతి మీద ఆ పాత కాలిబాట తెల్లటి గీతలాగా ఇంకా కనిపిస్తుంది. వేలమంది బూట్ల రాపిడికి పడిన గీత అది. తిరుమల కొండ మెట్లకు పసుపు రాసి, కర్పూరం పెట్టి ఎక్కే మనవాళ్ళకు ఆ గీత చూస్తే ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. మా ఆవిడ చెప్పులు విప్పబోయింది. నేల చల్లగా ఉంది, ముళ్ళున్నాయి, అమ్మాయి వారించింది.

కొండ చుట్టూ నడిచే దారిలో దక్షిణం వైపు ముటిట్జులు అనే కొలను ఉంది. వాళ్ళ భాషలో నీళ్ళను కపి అంటారు, అందుకని దాన్ని కపి ముటిట్జులు అంటారు. పైన వాన పడితే రాతి మీద నల్లటి చారికల వెంట జలపాతాలై దిగి ఇక్కడ చేరుతుంది. రాతి మీద నల్లచారిక ఎక్కడుంటే అక్కడ నీటి దారి ఉందని గుర్తు. మేం వెళ్ళినప్పుడు వాన లేదు, అయినా కొలనులో నీళ్ళున్నాయి. పక్కనే గుహలో ఎర్రమన్నుతో, సున్నపు తెలుపుతో వేసిన బొమ్మలు. వచ్చినవాళ్ళందరూ ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. కొండకు కొన్ని భాగాలు ఫోటో తీయవద్దని బోర్డులున్నాయి. మేం తీయలేదు.

ఉలురు దగ్గరి నుంచి కూబర్ పీడీకి 730 కిలోమీటర్లు. ఈ దారిలో ఊరు అనదగ్గది లేదు. రెండు మూడు గంటలకొకటి రోడ్‌హౌస్ వస్తుంది, అంటే పెట్రోలు, టీ, మంచాలు, బాత్‌రూము అన్నీ ఒకే రేకుల కప్పు కింద. ఆకాశం ఎంత పెద్దదో నాకు అరవై ఏళ్ళు దాటాక అక్కడ తెలిసింది. రోడ్ ట్రైన్లని వస్తాయి, ఒక్క ఇంజిను వెనక మూడు నాలుగు ట్రైలర్లు, 53 మీటర్ల దాకా పొడవు. అది ఎదురొస్తే గాలికి మన బండి పక్కకు ఒరుగుతుంది. మా అల్లుడు స్టీరింగ్ రెండు చేతులతో బిగపట్టేవాడు. చచ్చిన కంగారూల మీద మనిషి నడుం దాకా వచ్చే గద్దలు కూర్చుని, మేం దగ్గరికొచ్చాక గానీ లేచేవి కావు.

దారిలో మార్లా అనే చోటు దాటాం. నీళ్ళకు సంబంధం లేకపోయినా ఇది చెప్పకుండా ముందుకు పోలేను. అక్కడికి పడమరగా ఎమూ ఫీల్డ్ అనే చోట 1953 అక్టోబర్ 15న బ్రిటన్ వాళ్ళు అణుబాంబు పేల్చి చూశారు. ఖాళీ భూమి అన్నారు. ఖాళీ కాదు, మనుషులున్నారు. వాలటిన్నా అనే పశువుల క్షేత్రంలో యామీ లెస్టర్ అనే పిల్లవాడు, చెట్ల మీదుగా నల్లటి మంచులాంటిది నేల మీద దొర్లుకుంటూ రావడం చూశాడు. తర్వాత కళ్ళు పోయాయి. పెద్దయ్యాక ఆయన నోరు విప్పి చెప్పబట్టే, 1984లో దాని మీద రాయల్ కమిషన్, అంటే ప్రభుత్వ విచారణ సంఘం, వేశారు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు ఆ వైపు ఏమీ కనబడదు, అదే ఎర్ర నేల, అవే పొదలు.

కూబర్ పీడీ వచ్చేసరికి నేల రంగు మారింది. తెల్లటి గుట్టలు, వేలకు వేలు, చీమల పుట్టల్లాగా. ఒక్కో గుట్ట పక్కన ఒక్కో బొరియ. 1915 ఫిబ్రవరిలో తండ్రితో కలిసి బంగారం వెతుక్కుంటూ వచ్చిన విల్లీ హచిసన్ అనే కుర్రవాడికి ఇక్కడ ఓపల్ అనే విలువైన రాయి దొరికింది. కథల్లో ఓపల్ గురించే చెబుతారు గానీ, ఆ బృందం ఆ రోజు అక్కడ దిగింది నీళ్ళు వెతుక్కోవడానికి. ఎండకు తాళలేక గని కార్మికులు తవ్విన బొరియల్లోనే కాపురం పెట్టారు. ఇప్పటికీ ఊళ్ళో చాలా ఇళ్ళు గుట్ట లోపల తొలిచినవే. మేం రాత్రి అలాంటి ఒక ఇంట్లో పడుకున్నాం. గోడలు గులాబీ, తెలుపు చారల ఇసుకరాయి, యంత్రం పళ్ళ గీతలు అలాగే ఉన్నాయి. చేత్తో తడిమితే పిండిలాగా కొంచెం రాలుతుంది. బయట చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి, లోపల హీటరు లేదు, దుప్పటి ఒక్కటి చాలింది. ఎండాకాలంలో బయట 45 ఉన్నా లోపల 25 దాటదట. దీపం ఆర్పితే చీకటి ఎంత చిక్కగా ఉంటుందంటే, కళ్ళు తెరిచామా మూశామా తెలియదు.

ఆ ఊరి నీళ్ళు ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల బోరులోనివి. ఉప్పగా ఉంటాయి, వడగట్టి ఉప్పు తీసి పైపుల్లో పంపుతారు. బజారులో నాణెం వేస్తే నీళ్ళు పోసే కుళాయి ఉంది. మా అల్లుడు వాడేసిన ఒక క్యాను అక్కడ మళ్ళీ నింపాడు. నా వెనక నిలబడ్డ గని మనిషి ఒకాయన, క్యాను నిండగానే ఒక్క చుక్క కింద పడకుండా మూత బిగించడం చూశాను. చిన్నప్పుడు మా ఊళ్ళో ట్యాంకర్ దగ్గర మా అమ్మ బిందె తీసే తీరు అచ్చం అదే.

ఇక్కడి నుంచి తారు రోడ్డు వదిలేశాం. తూర్పుకు తిరిగి 166 కిలోమీటర్ల కంకర దారిలో విలియం క్రీక్, అక్కడి నుంచి ఊడ్నదట్టా ట్రాక్ మీద మరో రెండు వందల కిలోమీటర్లు మర్రీ. ఈ దారి పట్టమని అడిగింది నేనే. నాకు ఊటలు చూడాలని ఉంది.

బయలుదేరిన కాసేపటికే ఒక కంచె అడ్డొచ్చింది. డింగోలనే అడవి కుక్కలు గొర్రెల మీద పడకుండా కట్టిన కంచె, 5,600 కిలోమీటర్ల పొడవు. అది దాటాక విలియం క్రీక్ దాకా మాకు ఎదురైన బండ్లు ఐదు. మధ్యలో వెనక టైరు కోసుకుపోయింది. అల్లుడు జాకీ పెట్టి మార్చుతుంటే, ఎక్కడో దుమ్ము లేచింది, పావుగంటకు ఒక పాత ట్రక్కు వచ్చి ఆగింది. టోపీ పెట్టుకున్న ముసలాయన దిగాడు. పశువుల క్షేత్రంలో పనిచేస్తాడట. టైరు వైపు చూడనైనా లేదు. మొదట అడిగింది, "నీళ్ళున్నాయా మీ దగ్గర?" అని. ఉన్నాయి, అరవై లీటర్ల పైన, అని అల్లుడు చెప్పాక గానీ ఆయన మొహం తేలికపడలేదు. అప్పుడు టైరు సంగతి చూశాడు. బోల్టులు బిగించాడు, పాత టైరు వెనక పడేశాడు, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ముప్పై ఏళ్ళు నీళ్ళ శాఖలో పనిచేశాను, అంత సూటిగా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

ఇప్పుడు ఊటల సంగతి. ఆస్ట్రేలియా నేల కింద ఒక పెద్ద నీటి పొర ఉంది. గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అంటారు. 17 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశంలో సగానికి పైన. తూర్పున కొండల మీద పడ్డ వాన ఇసుకరాతి పొరల్లో దిగి, పైన గట్టి మట్టి పొర మూత వేసినట్టుండగా, ఒత్తిడితో పడమరకు పాకుతూ వస్తుంది. ఎంత నెమ్మదిగా అంటే, ఈ కొసకు చేరేసరికి లక్షల ఏళ్ళు పడుతుంది. ఇక్కడ పొర పలచబడి, పగుళ్ళున్న చోట నీళ్ళు తమంతట తామే పైకి ఉబికి వస్తాయి. వస్తూ వస్తూ తెచ్చిన సున్నమూ మట్టీ చుట్టూ పేరుకుని గుట్ట అవుతుంది. అందుకని వీటిని గుట్ట ఊటలు అనుకోండి.

వాబ్మా కడార్బు అనే చోట రెండు ఊటలు చూశాం. ఒకదాన్ని బబ్లర్ అంటారు. చుట్టూ తెల్లటి ఉప్పు పర్ర, ఒక్క చెట్టు లేదు. గుట్ట ఎక్కితే పైన వెడల్పాటి గుంట, దాని నిండా తేట నీళ్ళు, అంచున పచ్చటి జమ్ము. గుంట మధ్యలో అడుగున ఇసుక కదులుతోంది. బూడిద రంగు మెత్తటి ఇసుక లోపలి నుంచి ఉబ్బి, గుండ్రంగా విచ్చుకుని, అంచులకు జారి, మళ్ళీ మధ్యలోకి పోతుంది. పాలు పొంగబోయే ముందు గిన్నెలో తిరుగుతాయే, అలా. కాసేపు నిదానంగా ఉంటుంది, ఉన్నట్టుండి ఒక పెద్ద బుడగ లేచి నీళ్ళ మీద వలయం వేస్తుంది. అక్కడి అరబానా ప్రజల కథలో అది పెద్ద పాము ప్రాణం పోతూ గిలగిల కొట్టుకోవడం. దూరంగా కనిపించే గుట్ట ఆ పాము తల. నేను చెక్క వంతెన మీద గంటసేపు కూర్చున్నాను. మా ఆవిడ పిలిచినా లేవలేదు. మన జిల్లాలో వెయ్యి అడుగులు దించినా దుమ్ము తప్ప రాని బోర్లు ఎన్నో చూశాను. ఆ బోర్ల దగ్గర నిలబడ్డ రైతుల మొహాలు చూశాను. ఇక్కడ ఎవరూ అడక్కుండా, లక్షల ఏళ్ళ నాటి వాన, నా కాళ్ళ దగ్గర పైకి వస్తోంది.

ఈ ఊటలు ఒకదాని తర్వాత ఒకటి వంపు గీతలాగా ఉంటాయి. అరబానా వాళ్ళు, వాళ్ళ చుట్టుపక్కల జాతులు, ఎర్రమన్ను వ్యాపారానికి తరతరాలుగా ఈ గీత వెంటే నడిచారు. 1859లో జాన్ మెక్‌డూవల్ స్టూవర్ట్ అనే అన్వేషకుడు గుర్రాలతో వచ్చింది ఈ గీత వెంటే. తర్వాత టెలిగ్రాఫ్ స్తంభాలు ఈ గీత వెంటే. ఆ తర్వాత రైలు పట్టాలూ ఈ గీత వెంటే, ఎందుకంటే ఆవిరి ఇంజిన్‌కు నీళ్ళు కావాలి. దారి వేసింది ఇంజనీర్లని బోర్డుల మీద రాస్తారు. నా లెక్కలో ఆ అలైన్‌మెంట్ వేసింది నీళ్ళు, దాన్ని మొదట చదివింది అరబానా వాళ్ళు.

1878 నుంచి ఆ పొరలోకి బోర్లు వేయడం మొదలుపెట్టారు. నీళ్ళు వాటంతట అవే ఎగజిమ్మేవి, ఆపే వాల్వు ఎవరూ పెట్టలేదు. మట్టి కాలువల్లో మైళ్ళ కొద్దీ వదిలేస్తే పశువులు తాగింది గోరంత, ఆవిరై ఇంకిపోయింది కొండంత. నూరేళ్ళు అలా సాగాక ఒత్తిడి తగ్గింది, కొన్ని ఊటలు ఎండిపోయాయి. ఆ తర్వాత ప్రభుత్వాలూ క్షేత్రాలవాళ్ళూ ఖర్చు పంచుకుని బోర్లకు మూతలు బిగించి, కాలువల బదులు పైపులు వేశారు. కొన్ని చోట్ల ఒత్తిడి మళ్ళీ పెరిగింది. మన దగ్గర ఎండిన బోర్ల పక్కనే కొత్త బోర్లు వేస్తున్నాం. ఈ మాట అనకుండా ఉండలేకపోతున్నాను, క్షమించాలి.

దారిలోనే కాటి థాండా ఉంది, ఐర్ సరస్సు అని కూడా అంటారు. సముద్ర మట్టానికి 15 మీటర్ల కింద. ఎప్పుడో గానీ నిండదు. మేం చూసినప్పుడు కనుచూపు మేర ఉప్పు. అమ్మాయి ఒక పలుకు నాలుక మీద వేసుకుంది.

మర్రీ చేరేసరికి పొద్దు వాలింది. ఇప్పుడు పదుల సంఖ్యలో మనుషులున్న ఊరు. ఒకప్పుడు ఒంటెల జంక్షను. ఇక్కడ నేను చూడాలనుకున్నది మన ఉపఖండపు మనుషుల ఆనవాళ్ళు. 1860లో కరాచీ నుంచి 24 ఒంటెలు, వాటితో పాటు తోలేవాళ్ళు మెల్‌బోర్న్‌లో దిగారు. 1866లో థామస్ ఎల్డర్ అనే వ్యాపారి నూటికి పైగా ఒంటెలను, 31 మందిని పోర్ట్ అగస్టాలో దింపాడు. ఆ తర్వాత యాభై అరవై ఏళ్ళు ఎడారి లోపలికి పోయిన గోధుమ బస్తాలు, రైలు పట్టాల దిమ్మెలు, టెలిగ్రాఫ్ తీగ చుట్టలు చాలా వరకు వీళ్ళ ఒంటెల మీద పోయినవే. అందరినీ కలిపి అఫ్గాన్లు అనేశారు. కానీ వాళ్ళలో బలూచీలు, సింధీలు, పంజాబీలు, పెషావర్ వాళ్ళు చాలామంది. భార్యాపిల్లలను తెచ్చుకోనివ్వలేదు. 1901 తర్వాత వలస చట్టం ఇంకా బిగుసుకుంది. మర్రీలో రైలు పట్టాలకు ఒకవైపు తెల్లవాళ్ళ ఇళ్ళు, రెండో వైపు వీళ్ళవీ, మూలవాసులవీ.

బేజా దర్వేష్ అని బలూచిస్తాన్ మనిషి ఒకాయన. 1896లో ఒక అన్వేషక బృందం పడమటి ఇసుక ఎడారి దాటుతుండగా ఇద్దరు దాహంతో చనిపోయారు. మిగతావాళ్ళు ఒంటెలతో బయటపడడంలో ఈయన పనితనం చూసి, బృందం నాయకుడు లారెన్స్ వెల్స్ తన దిక్సూచి ఆయనకు ఇచ్చేశాడు. చివరి రోజుల్లో మర్రీలో ఖర్జూరం చెట్లు పెంచుకుని, 1957లో అక్కడే కన్నుమూశాడు. లారీలు వచ్చాక ఒంటెలకు పని పోయింది. 1925లో ఊరూపేరూ లేని ఒంటెలను కాల్చేయవచ్చని చట్టం కూడా వచ్చింది. చేతులారా పెంచినవాటిని చంపలేక చాలామంది ఎడారిలోకి వదిలేశారు. వాటి సంతతి ఇప్పుడు లక్షల్లో తిరుగుతోంది. అడిలైడ్ నుంచి వెళ్ళే రైలుకు ఘాన్ అని వీళ్ళ పేరే. మర్రీలో మట్టి గోడల పాత మసీదు ఇప్పుడు లేదు, దాని గుర్తుగా దుంగలతో, గడ్డి కప్పుతో చిన్నది కట్టారు. దాని ఎదురుగా, కాళ్ళు చేతులు కడుక్కోవడానికి ఒక చిన్న గుంట. ఆ గుంటలో ఆ రోజు నీళ్ళు లేవు.

మర్నాడు దక్షిణానికి దిగుతుంటే ఫ్లిండర్స్ కొండలు మొదలయ్యాయి. హాకర్, క్వార్న్ అనే ఊళ్ళ మధ్య రోడ్డుకు రెండు వైపులా పాడుబడ్డ రాతి ఇళ్ళు. కప్పుల్లేవు, పొగగొట్టాలు మాత్రం నిలబడి ఉన్నాయి. నా దృష్టిలో ఈ ప్రయాణంలో అన్నిటికంటే పెద్ద పాఠం ఇక్కడుంది. 1865లో పెద్ద కరువొచ్చింది. సర్వేయర్ జనరల్ జార్జ్ గోయిడర్ గుర్రమెక్కి, ఎక్కడి దాకా వాన నమ్ముకోవచ్చో తేల్చడానికి బయలుదేరాడు. ఆ వైపు వాన లెక్కల పుస్తకాలు అప్పటికి లేనట్టే. ఆయన మొక్కలను చూశాడు. మాలీ అనే యూకలిప్టస్ పొదలు ఆగిపోయి, ఉప్పు తుప్పలు మొదలైన చోట గీత గీశాడు. ఆ గీతకు ఉత్తరాన సేద్యం వద్దు, గొర్రెలు మేపుకోండి అన్నాడు. ఆ తర్వాత వందేళ్ళ వానలు కొలిచి చూస్తే, ఏడాదికి సుమారు 250 మిల్లీమీటర్ల వాన గీత ఆయన గీత వెంటే పోతోంది.

1870ల్లో వరసగా మంచి వానలు పడ్డాయి. నాగలి వెంట వాన వస్తుందని ఒక మాట పుట్టింది. దున్నితే చాలు మబ్బులు వస్తాయన్నారు. 1874లో ప్రభుత్వం గీత ఎత్తేసింది. జనం గీత దాటి వెళ్ళి, అప్పులు చేసి, రాతి ఇళ్ళు కట్టుకుని, గోధుమ వేశారు. 1880ల్లో వానలు ముఖం చాటేశాయి. ఆ ఇళ్ళే మేం చూసినవి. ఒక ఇంట్లోకి వెళ్ళాను. పొయ్యి గూడులో మసి ఇంకా ఉంది. గడప రాయి మధ్యలో కాళ్ళకు అరిగి పల్లం పడింది. అంత అరగడానికి ఎన్నేళ్ళు ఉన్నారో, ఎంతమంది పిల్లలు తిరిగారో. వేరుశనగ వేసి వేసి చితికిన కుటుంబాలు మనకు తెలియనివి కావు. నేను ఆ గడప మీద కాసేపు కూర్చుని లేచాను. దగ్గర్లోనే కన్యాకా అనే పాత పశువుల క్షేత్రం శిథిలాలున్నాయి. దాన్ని మొదలుపెట్టిన హ్యూ ప్రోబీ అనే యువకుడు 1852లో చనిపోయాడు. దాహంతో కాదు, ఎండిన విల్లోక్రా వాగు ఒక్కసారిగా పొంగి కొట్టుకుపోయాడు.

పోర్ట్ అగస్టా దగ్గర సముద్రం కొస కనబడింది, సాయంత్రానికి అడిలైడ్ లైట్లు.

అడిలైడ్ గురించి నాకు ఆసక్తి పుట్టించిన అంకె ఒకటుంది. ఆ నగరంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మన అనంతపురం సగటు ఎంతో ముందు వరసవాళ్ళను అడగండి. (సభలో ఒకరు: "ఐదు వందల యాభై!") అదే. ఇంచుమించు అదే వాన. కాకపోతే అక్కడ పడేది చలికాలంలో, నెమ్మదిగా, సన్నగా, కాబట్టి ఆవిరి తక్కువ, ఇంకేది ఎక్కువ. మనకు పడేది కొద్ది రోజుల్లో, కుండపోతగా. ఒకే అంకె మీద అంత పచ్చటి నగరం ఒకచోట, మనం ఇంకొకచోట. నేను ఆ వారం రోజులూ ఈ లెక్కే వేసుకున్నాను.

1836లో కర్నల్ విలియం లైట్ ఆ నగరానికి చోటు ఎంచినప్పుడు, రేవుకు దూరమని చాలామంది తిట్టారు. ఆయన మంచినీళ్ళున్న టోరెన్స్ ఏరు చూసి అక్కడే స్థిరపడ్డాడు. కౌర్నా ప్రజలు అప్పటికే ఉంటున్న చోటే అది. నగరం చుట్టూ పార్కుల వలయం ఆయన గీసిందే, ఈ రోజుకూ చాలా వరకు నిలిచి ఉంది. ఏరు ఎంతకాలం సరిపోతుంది? 1955లో మానమ్ దగ్గర ముర్రే నది నుంచి కొండల మీదుగా పైపు లాగారు. ఎండిన ఏడాదిలో నగరం తాగే నీళ్ళలో పదింట తొమ్మిది వంతులు ముర్రేవే. ఆ నది ఎగువన వేరే రాష్ట్రాల పొలాలున్నాయి, ఆనకట్టలున్నాయి. అడిలైడ్ చిట్టచివర. చివరాయకట్టు! తుంగభద్ర ఎగువ కాలువ కింద బతికిన మనకు ఇంతకంటే వివరించి చెప్పాలా? ఎగువ వాళ్ళు వదిలితేనే వీళ్ళ కుళాయి. అందుకే సముద్రపు నీళ్ళు తాగేలా చేసే కర్మాగారం కట్టుకున్నారు, ఏడాదికి 10,000 కోట్ల లీటర్లు. మన లెక్కలో మూడున్నర టీఎంసీలు. అల్లుడు సాలిస్‌బరీ అనే శివారుకు తీసుకెళ్ళి చూపించాడు, వీధుల్లో పారే వాన నీళ్ళను జమ్ము చెరువుల్లోకి మళ్ళించి, తేరుకున్నాక బోర్ల ద్వారా సున్నపురాతి పొరలోకి దించుతున్నారు. ఎండాకాలంలో అవే తోడుకుంటారు. జమ్ములో నీటికోళ్ళు తిరుగుతున్నాయి. అది మన జిల్లాలో ఎక్కడెక్కడ చేయొచ్చో నా దగ్గర ఒక కాగితం ఉంది, సభ అయ్యాక కావాలన్నవాళ్ళకు చూపిస్తాను.

చివరి రోజు ఊరి మధ్యలో లిటిల్ గిల్బర్ట్ వీధికి వెళ్ళాం. 1888-89లో ఒంటెలవాళ్ళు చందాలు వేసుకుని కట్టుకున్న మసీదు. నాలుగు మినార్లు 1903లో కట్టినవి. ముసలితనంలో దిక్కులేని ఒంటెలవాళ్ళు ఈ ఆవరణలోనే చివరి రోజులు గడిపారు. మర్రీ గుంట ఎండిపోయి ఉంది, ఇక్కడ తోటలో పైపుతో మొక్కలు తడుపుతున్నారు. సాయంత్రం ట్రామెక్కి గ్లెనెల్గ్ బీచికి వెళ్ళాం. పన్నెండు రోజులు ఇసుకా ఉప్పూ చూసిన కళ్ళకు ఆ సముద్రం ఎలా ఉందో చెప్పడానికి నాకు మాట దొరకలేదు. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని నీళ్ళలో నిలబడింది, చలికి వణుకుతూ, బయటికి రానంది.

(ప్రశ్న: ఆ నాలుగు క్యాన్ల నీళ్ళూ ఖర్చయ్యాయా?)

మంచి ప్రశ్న. మూడు అయ్యాయి, వంటకూ కడుగుడుకూ వాడాం. కూబర్ పీడీలో నింపింది మిగిలింది. ఇంటికొచ్చాక అల్లుడు దాన్ని పారబోయబోతుంటే మా ఆవిడ ఆపింది. వాళ్ళ పెరట్లో కుండీలో కరివేపాకు మొక్క ఉంది, ఆ చలికి ఆకులన్నీ రాల్చుకుని పుల్లలాగా నిలబడింది. మూడు రోజుల పాటు చెంబు చెంబుగా దానికే పోసింది. మొన్న అమ్మాయి ఫోటో పంపింది, చిగురేసిందట.